పది పనుల కెమెరా

ఏప్రిల్ నెలాఖరున అనంతపురంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఊరు 14.7 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి ఏటా రెండుసార్లు, అప్పుడొకసారి, మళ్లీ ఆగస్టు రెండో వారంలో ఒకసారి, మనిషి నీడ అతని కాళ్ల కిందే ముద్దగా పడుతుంది. ఆ వేళ ఎవరికైనా ఫొటో తీస్తే కనుబొమల కింద రెండు నల్లటి గుంతలు, ముక్కు కింద ఒక మచ్చ, గడ్డం కింద ఎర్రనేల నుంచి లేచిన ఎరుపు. తెల్లపంచె కట్టిన చామనఛాయ మనిషైతే తిప్పలు ఇంకా ఎక్కువ. పంచెకు సరిపడా వెలుతురు పడితే ముఖం బొగ్గయిపోతుంది. ముఖానికి సరిపెడితే పంచె మడతా అంచూ తెలియని తెల్ల అట్టయిపోతుంది. వైశాఖ మాసపు పెళ్లిళ్లన్నీ ఆ రోజుల్లోనే.

ఆ ఎండను నమ్ముకుని బతికేవాడు ఇక్కడి ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్. అతనికి నెలజీతం లేదు, బోర్డు కట్టిన స్టూడియో లేదు. బండి వెనక కెమెరా సంచి, ఇంట్లో ఒక కంప్యూటరు, జేబులో ఎప్పుడూ ఛార్జింగ్ తక్కువగా ఉండే ఫోను. వేరే స్టూడియో వాళ్లు పట్టిన పెళ్లికి సెకండ్ కెమెరాగా వెళ్తాడు. ఫొటోకింత అని ఇచ్చే పత్రిక జిల్లా పేజీకి తీస్తాడు. బడిలో గ్రూప్ ఫొటో, నాయకుడొస్తే సభ, పీర్ల పండుగ, తేరు, లేఅవుటు మీద డ్రోను, పాస్‌పోర్ట్ ఫొటో, చివరికి చనిపోయినవాళ్ల పటం. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినా ఇతని బండికి మాత్రం సరిహద్దు పడలేదు. గుత్తి నుంచి హిందూపురం దాకా ఎవరు పిలిస్తే అటే.

పది పనులు నెత్తినేసుకున్నవాడికి ఏదీ సరిగా రాదని లోకం అనుకుంటుంది. ఈ పనితనాన్ని దగ్గరగా చూస్తే అది తప్పని తేలుతుంది. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఆగిపోయే నేల ఇది. ఇక్కడి రైతు శనక్కాయ సాళ్ల మధ్య కంది సాలు ఎందుకు వేస్తాడో ఇతనూ అందుకే పది పనులు పడతాడు, ఒకటి ఎండినా ఇంకొకటి నిలుస్తుందని. అయితే చేలో కంది శనక్కాయకు ఇచ్చే సాయం కొంతే. ఇతని దగ్గర ప్రతి పనీ పక్క పనికి ఏదో ఒకటి నేర్పుతూనే ఉంటుంది. నాకు ఇతని పనిలో అన్నిటికంటే గొప్పగా కనిపించేది అదే.

ముహూర్తం ఆగదు

పెళ్లి ఇతనికి ప్రధాన పంట. కానీ పంచాంగం దయ ఉండాలి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. మధ్యలో గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే ఆ నెలలూ పోయినట్టే. మిగిలిన ముహూర్తాల్లో మంచివి అనుకున్న రోజుల్లో జిల్లా అంతా ఒక్కసారే పెళ్లి చేసుకుంటుంది. ఆ రోజుల్లో కెమెరా పట్టగలిగిన ప్రతివాడికీ పిలుపు ఉంటుంది, మిగతా రోజుల్లో ఎవరికీ ఉండదు.

ఇక్కడ రిసెప్షన్ ముందురోజు రాత్రే అవుతుంది. జనమంతా వేదిక ఎక్కి, పక్కన నిలబడి, కవరు చేతికిచ్చి దిగిపోయేసరికి అర్ధరాత్రి. తెల్లవారుజాము ముహూర్తమైతే మధ్యలో రెండు గంటలు కుర్చీలోనే కునుకు. పొద్దున్నే పళ్లెంలో ఉగ్గాని, బజ్జి. కల్యాణమండపంలో అందరికంటే ముందు లేచేది వంటవాడు, ఆ తరువాత ఇతనే.

లేవగానే కెమెరా తీయడు. మండపం చుట్టూ ఒకసారి తిరుగుతాడు. చూసేది పూలను కాదు, పైన కట్టిన గుడ్డను. ఫ్లాష్‌ను ముఖాల మీదికి సూటిగా కొడితే నుదుళ్లు మెరుస్తాయి, వెనక గోడ మీద గట్టి నీడ పడుతుంది. అందుకని ఫ్లాష్ తలను పైకి తిప్పి, కప్పుకు తగిలి దిగే మెత్తటి వెలుగుతో తీయడం అలవాటు. కానీ షామియానా ఎర్రదీ పసుపుదీ అయితే దిగే వెలుగుకు ఆ రంగే అంటుకుని వస్తుంది. పెళ్లికూతురి పసుపు ముఖం ఇంకా పసుపై, తెల్ల మధుపర్కం ఆరెంజ్ అవుతుంది. అలాంటి చోట ఫ్లాష్ వెనక ఒక తెల్లటి అట్టముక్కను రబ్బరు బ్యాండుతో బిగిస్తాడు. వెలుగు గుడ్డను తాకకుండా అట్టకు తగిలి ముందుకొస్తుంది. పెళ్లిపత్రిక వెనకవైపు చింపినా సరిపోయే ఆ ముక్క లక్షల ఖరీదు చేసే లెన్సు పరువు నిలబెడుతుంది.

తరువాత బల్బులు. మన కరెంటు సెకనుకు యాభై చుట్లు తిరుగుతుంది. దాని మీద వెలిగే దీపాలు చాలావరకు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియని ఆ మినుకు షట్టర్ వేగం ఎక్కువైతే ఫొటోలో నల్లటి పట్టీలుగా దిగిపోతుంది. కాబట్టి సెకనులో వందో వంతు దగ్గర షట్టర్ ఆపుతాడు. ఆ వేగానికి చేతులు కదిలితే బొమ్మ చెదురుతుంది. అందుకే మనుషుల చేతులు ఎప్పుడు కదులుతాయో, ఎప్పుడు ఒక్క క్షణం నిలుస్తాయో అతనికి తెలిసి ఉండాలి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తెర అడ్డం ఉంటుంది. తెర దిగిన మొదటి క్షణంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. మరుక్షణం ఇద్దరూ కెమెరా వైపు తిరుగుతారు. అతనికి కావలసింది మొదటిది.

మాంగల్యధారణ వేళ పనివాడికీ పని నేర్చుకునేవాడికీ తేడా తెలిసిపోతుంది. కొత్తవాడు ఎదురుగా నిలబడతాడు. ముడి పడే సమయానికి చుట్టాలంతా లేచి అక్షతలు విసురుతారు, వాళ్లలో సగంమంది ఫోన్లు పైకెత్తుతారు, కొత్తవాడి ఫ్రేమంతా మోచేతులే. అప్పుడతను అరుస్తాడు, 'స్వామీ, ఒక్క నిమిషం, ఇంకోసారి కట్టించండి.' మూడు ముళ్లను మళ్లీ కట్టించడం ఎంత అపచారమో అరిచేవాడికి తట్టదు. పనివాడు అంతకు గంట ముందే పురోహితుడి పక్కన కూర్చుని అడిగేసి ఉంటాడు: 'స్వామీ, అబ్బాయి లేచి కడతాడా, కూచునే కడతాడా? సూత్రం ఎత్తే ముందు నా వైపు ఒక్క చూపు చూడండి, చాలు.' ఆ చూపు అందే సమయానికి అతను వేదిక మీద మోకాలి మీద కూర్చుని, 35 మిల్లీమీటర్ల లెన్సుతో, అమ్మాయి భుజం పక్కన ఉంటాడు. అక్కణ్ణుంచి ముడి వేసే చేతులు, వంచిన మెడ, వెనక నిలబడి ఏడుపు ఆపుకుంటున్న తల్లి, మూడూ ఒకే గీతలో వస్తాయి. అక్షతలు పైనుంచి పడుతుంటాయి కానీ అతనికి అడ్డురావు.

గట్టిగా మూడు నాలుగు సెకన్ల పని. దానికి గంట ముందు నుంచీ ఏర్పాటు.

ముఖం మీద నీడ లేకుండా

పాస్‌పోర్ట్ ఫొటో అంటే చాలామందికి చిన్నచూపు. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. మామూలు 4×6 అంగుళాల కాగితం మీద ఎనిమిది పడతాయి. ఇందులో కళ ఏముందని అడిగితే, అందులో దేన్నీ దాచలేం అనేదే జవాబు. పూలదండ లేదు, బ్యాక్‌గ్రౌండ్ లేదు, నవ్వు లేదు. రెండు చెవుల మధ్య వెలుగు సమానంగా పడాలి, వెనక తెల్లగుడ్డ మీద నీడ పడకూడదు, కళ్లు తెరిచి ఉండాలి. కదిరి, తలుపుల, ముదిగుబ్బ వైపు నుంచి బతుకుదెరువుకు బెంగళూరుకో కేరళకో వెళ్లేవాళ్లు ఎక్కువ, గల్ఫ్‌కు వెళ్లేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఆ చిన్న కాగితం దారి చూపే కాగితం.

పల్లెలో ఈ ఫొటోకు లైట్లు ఉండవు. మనిషిని వేపచెట్టు నీడ అంచున, ఎండ మొదలయ్యే చోటికి ఒక అడుగు లోపల కూర్చోబెడతాడు. ఎదురుగా సున్నం కొట్టిన గోడ ఉంటే దాని మీద పడ్డ ఎండే దీపం. గోడ లేకపోతే ఆ మనిషి కండువానే ఒళ్లో పరిపిస్తాడు. తెల్లగుడ్డ నుంచి లేచిన వెలుగు గడ్డం కింది ఎరుపును కడిగేస్తుంది, కళ్ల కింది గుంతలను నింపుతుంది. 'ఇట్ల చూడప్పా, గడ్డం రవ్వంత దించు.' అంతే.

ఈ విద్య తిరిగి పెళ్లిలో పనికొస్తుంది. మిట్టమధ్యాహ్నం భోజనాల పందిరి బయట తాత, అవ్వల ఫొటో అడిగితే వాళ్లను ఎండలో నిలబెట్టకుండా పందిరి అంచుకు ఒక అడుగు లోపలికి పిలుస్తాడు. ఆయన పంచే రిఫ్లెక్టరు. ముడతలు ముడతలుగానే ఉంటాయి, కళ్లు మాత్రం వెలుగుతాయి. ఆల్బమ్‌లో మనవరాలు ముందు వెతుక్కునేది ఆ పేజీనే.

పచ్చగా కనిపించే కరువు

పత్రికలో కరువు అనగానే వచ్చే బొమ్మ ఒకటుంది. నెర్రెలిచ్చిన నేల, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని ఆకాశంలోకి చూసే రైతు. ఆ బొమ్మ తీయడం సులువు, వేయడం ఇంకా సులువు. అయితే అనంతపురం కరువు చాలాసార్లు అలా ఉండదు. ఇక్కడ వర్షాధార శనక్కాయ సాగులో పెద్దభాగం ఎర్ర గరప నేలల్లోనే. అవి ఎండితే దుమ్మవుతాయి తప్ప పెద్దగా నెర్రెలివ్వవు. నెర్రెలు కావాలంటే ఎండిన చెరువుగర్భానికో, తాడిపత్రి వైపు నల్లరేగడికో పోవాలి.

అసలు నష్టం జరిగేది పచ్చదనం కింద. శనక్కాయ పూత వచ్చాక ఊడలు నేలలోకి దిగాలి. ఆ ఊడ కొసనే కాయ కడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లో వాన మొహం చాటేస్తే పైమట్టి గట్టిపడి ఊడ దిగదు. దిగినా కాయ ఊరదు, ఊరినా పప్పు లొట్ట. ఆ తరువాత ఓ జల్లు పడితే చేను మళ్లీ పచ్చబడుతుంది. రోడ్డు మీద కారులో పోయేవాడికి అది బాగా పండిన చేనులాగే కనిపిస్తుంది. చేతికి ఏమీ రాదని రైతుకే తెలుసు.

ఇప్పుడు దీన్ని ఫొటోలో ఎలా పెట్టాలి? లేనిదాన్ని చూపించే పని అది. పనివాడు మొక్కను వేళ్లతో సహా పీకించి, మట్టి విదిలించి, రైతు చేతిలోనే పట్టించి, మధ్యాహ్నం దాటాక సూర్యుడు వాలే దిక్కుకు ఎత్తిస్తాడు. వెలుగు వెనక నుంచి వస్తే ఆకులు పచ్చగా వెలిగిపోతాయి, కింద నేలలోకి దిగకుండా గాలిలోనే ఆగిపోయిన ఊడలు దారప్పోగుల్లాగా విడివిడిగా కనిపిస్తాయి. చేతి గోళ్లలో ఎర్రమట్టి స్పష్టంగా ఉండాలి. వెనక చేను పచ్చగానే ఉండాలి, దాన్ని మసక చేయకూడదు. పచ్చటి చేను, ఖాళీ వేరు, రెండూ ఒకే ఫ్రేములో ఉంటేనే చూసినవాడు ఆగి శీర్షిక చదువుతాడు. పంట నష్టం రాసుకోవడానికి వచ్చిన అధికారికైనా, నగరంలో పత్రిక తిప్పే పాఠకుడికైనా ఆ ఫొటో ఒక వాదన.

ముడి కట్టే చేతులకూ వెనకనున్న తల్లి ముఖానికీ ఒకే గీత వెతికిన కన్నే ఇక్కడ ఊడకూ చేనుకూ గీత కలుపుతుంది. పెళ్లి పని అతనికి పొలంలో ఇలా అక్కరకొస్తుంది.

జిల్లాలో కరువు ఇంకో రూపం బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు చుట్టుపక్కల కనిపిస్తుంది. వేదవతి నది, ఇక్కడివాళ్లు హగరి అంటారు, ఎండిపోయాక దాని ఇసుకను గాలికాలపు గాలులు పొలాల మీదికి మోసుకొచ్చి దిబ్బలు పోశాయి. ఎడారి కావలసిన సినిమావాళ్లు అక్కడికే వచ్చి తీసుకుపోతారు. ఈ ఇసుక గురించి 2019లో పారీ వేదికలో ఒక కథనం వచ్చింది. పల్లెల బతుకును నమోదు చేయడానికి పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన వేదిక అది. సినిమా కెమెరాకు అందమైన నేపథ్యంగా పనికొచ్చిన ఇసుకే రైతుకు పోయిన పొలం. అదే దిబ్బ మీద ఒక వారం ప్రీవెడ్డింగ్ షూటు, ఇంకో వారం పత్రిక ఫొటో తీసేవాడికి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. లెన్సు మార్చేటప్పుడు గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు నేలకేసి ఉంచడం మాత్రం మరవడు. ఇసుకరేణువు ఒక్కటి సెన్సర్ మీద కూర్చుంటే తరువాతి పెళ్లంతా దాని మచ్చే.

నిప్పు, తేరు, రాయి

పండుగల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లకు హిందువులూ ముస్లింలూ కలిసే మొక్కుతారు. అగ్నిగుండం దగ్గర ఫ్లాష్ వేస్తే నిప్పు చచ్చిపోయి బూడిద కనిపిస్తుంది. అక్కడ నిప్పు వెలుగుతోనే తీయాలి, జనం తోపులాటలో మోచేతులు పక్కటెముకలకు బిగించి ఊపిరి ఆపాలి. కదిరి నరసింహస్వామి తేరు రోజు భక్తులు దవనం, మిరియాలు, పండ్లు రథం మీదికి విసురుతారు. లెన్సుకు హుడ్ లేకుండా పోయినవాడు ఆ ఏడే నేర్చుకుంటాడు.

తాడిపత్రి విషయం వేరు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం గోపురాలు పైకి పూర్తికాలేదు కానీ రాతి మీద చేయి పెట్టడానికి చోటు లేనంత పని ఉంది. కెప్టెన్ ఎడ్మండ్ డేవిడ్ లయన్ 1868 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం పనిమీద దక్షిణాది కట్టడాలను ఫొటోలు తీస్తూ తాడిపత్రికీ వచ్చాడు. గాజు పలకలు, రసాయనాలు, మూడుకాళ్ల స్టాండు అన్నీ మోయించుకుని వచ్చే కాలం అది. పలకలు లెక్కపెట్టి వాడుకోవాలి కాబట్టి వెలుగు కోసం కాచుకోక తప్పదు. ఈనాటి మన ఫొటోగ్రాఫర్ కార్డులో వేల ఫొటోలు పడతాయి, అయినా ఆ గోపురం దగ్గర అతనూ కాచుకోవాల్సిందే. ఎండ పక్కవాటుగా తగిలితేనే చెక్కిన గీత గీతగా లేస్తుంది. వెలుగు ఎదురుగా పడితే శిల్పం చదునైపోతుంది. ఒక పనికి ఒక వేళ ఉంటుందనే పాఠం రాతి దగ్గర నేర్చుకుంటే శనక్కాయ వేరు దగ్గర పనికొచ్చింది.

పటం కట్టించడం

ఇతని పనుల్లో కష్టమైనదీ, ఎవరూ మెచ్చుకోనిదీ ఒకటుంది. చనిపోయినవాళ్ల పటం తయారుచేయడం.

పల్లెలో చాలామంది పెద్దవాళ్లు తమ కోసమని ఫొటో దిగి ఉండరు. టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు 1993లో ఓటరు ఫొటో గుర్తింపు కార్డులకు ఆదేశం వచ్చింది. తరువాత ఆ కార్డు కోసం ఊరి బడిలో వరుస కట్టి కూర్చున్నదే చాలామందికి మొదటి ఫొటో. తరువాత రేషన్ కార్డు, ఆధార్. మనిషి పోయాక ఇంటివాళ్లు అవే పట్టుకొస్తారు. కొందరు ఎవరి పెళ్లి ఆల్బమ్‌లోనో మూల నిలబడ్డ ఫొటో తెస్తారు. 'ఇదో, ఈ కొసన ఉండేది మా నాయన. ఈయన ఒక్కన్నే తీయన్నా. దినానికి కావాల.'

ఆ కొసన ఉన్న ముఖం చిటికెనవేలి గోరంత. పైగా ఆ కాలపు ఫొటో కాగితం మీద గుడ్డనేతలాంటి గరుకు ఉంటుంది. స్కానర్ వెలుగు పడితే ఆ గరుకంతా చుక్కలై లేస్తుంది. అందుకని కాగితాన్ని నీడలో, కిటికీ పక్కన పరిచి, కెమెరాను నిలువుగా పైనుంచి పట్టి తీస్తాడు. చుక్కలు సగం తగ్గుతాయి. మిగిలినవి కంప్యూటర్లో ఒక్కొక్కటిగా తీయాలి. పక్కనున్న వాళ్ల భుజం నరకాలి, నరికిన చోట చొక్కా అల్లాలి. బ్యాక్‌గ్రౌండ్ నీలం కావాలంటారు. కండువా కావాలంటారు, ఒక్కోసారి కోటు కావాలంటారు. కండువాకు ఒప్పుకుంటాడు. కోటు గురించి మాత్రం ఆలోచించుకోమంటాడు.

అసలు పరీక్ష ముఖం దగ్గర. ఇప్పుడు ఫోన్‌లో ఒక్క నొక్కుతో మసక బొమ్మను తళతళలాడించే యాప్‌లు వచ్చాయి. అవి లేని కనురెప్పలను గీస్తాయి, పళ్లు సరిచేస్తాయి, చర్మాన్ని సాపు చేస్తాయి. ముఖం స్పష్టంగా వస్తుంది, కానీ అది ఎవరిదో ముఖం. ఇంటామె చూసి 'ఇది మా ఇంటాయన కాదు' అనేస్తే పని మొత్తం వృథా. కాబట్టి పనివాడు తెలియని చోట తెలిసినట్టు గీయడు. ఎడమ కన్ను కాస్త చిన్నదైతే చిన్నదిగానే ఉంచుతాడు. బుగ్గ మీది గాటు తీయడు. తీయాలా వద్దా అని కొడుకును అడగడు, భార్యను అడుగుతాడు. మసక మిగిలితే మిగలనిచ్చి, పటం సైజు ఒక మెట్టు తగ్గించమంటాడు. పెద్ద సైజుకు డబ్బు ఎక్కువ వస్తుంది, అయినా చిన్నదే చెప్తాడు.

అప్పుల పాలై పోయిన రైతు ఇంటికి పత్రిక తరఫున వెళ్లి, 'ఆయన ఫొటో ఏదన్నా ఉందామ్మా' అని అడగాల్సి వచ్చేదీ ఇతనే. తీసుకెళ్లిన ఆ ఒక్క కాగితాన్ని మడవకుండా, చెమట తగలకుండా తిరిగి ఇచ్చిరావడం కూడా పనిలో భాగమే. ఇంట్లో ఉన్నది అదొక్కటేనని ఇతనికి తెలుసు. పటం కట్టే చేతులు కాబట్టి తెలుసు.

ఫోను తీయలేనిది

అందరి చేతుల్లో కెమెరా ఉన్న కాలం ఇది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలోనే. అదే పథకంలో 2023 నుంచి కూలీల హాజరుకు పని జరిగే చోట ఫోనుతో రోజుకు రెండు ఫొటోలు యాప్‌లో ఎక్కించడం తప్పనిసరైంది. చేలో, రోడ్డు మీద, బడిలో అధికారిక ఫొటోలన్నీ ఫోనే తీసేస్తోంది. పాస్‌పోర్ట్ ఫొటోలూ సగం అటే పోయాయి. ఫ్రీలాన్సర్‌కు ఆ మేరకు పని తగ్గిందన్నది నిజం.

మిగిలిందేమిటో మాత్రం పైన చెప్పుకున్నదాంట్లోనే ఉంది. మనిషి అక్కడ ఉన్నాడని ఫోను రుజువు చేస్తుంది. ఊడ దిగలేదని, తల్లి ఏడుపు ఆపుకుందని, ఈ మసక ముఖం ఫలానా ఇంటాయనదేనని చూపాలంటే ముందే వచ్చి కూర్చున్నవాడు, వెలుగు కోసం ఆగినవాడు, అడగవలసిన మనిషిని అడిగినవాడు కావాలి.

ఈ పనికి పేరు దక్కడం తక్కువ. సెకండ్ కెమెరాగా తీసిన ఫొటోలు ఇంకొకరి ముద్రతో ఆల్బమ్‌లోకి వెళ్తాయి. పటం మీద ఫ్రేమ్ కట్టినవాడి చీటీ ఉంటుంది. పత్రికలో చాలాసార్లు తీసినవాడి పేరుండదు. డబ్బు సంగతి చెప్పనక్కర్లేదు. అడ్వాన్సు ముహూర్తానికి ముందు, మిగతాది ఆల్బమ్ ఇచ్చాక అని మాట. కాయ సరిగా రాని ఏడు ఆ మిగతాది శనక్కాయ అమ్మాక అని మారుతుంది.

మీ ఇంట్లో శుభకార్యానికి ఎవరినైనా పెట్టుకోబోతే ఏరి పెట్టిన మంచి ఫొటోలు పది చూపించమనకండి. పది ఎవరైనా తీస్తారు. ఒక పెళ్లి మొత్తం, మొదటి ఫొటో నుంచి చివరిదాకా, తీసేయకుండా చూపించమని అడగండి. వరుసగా తిప్పండి. గుంపులో అంచున నిలబడ్డ ముసలివాళ్ల ముఖాలు కనిపిస్తున్నాయా, ముడి పడే వేళ తల్లి ఎక్కడుందో తెలుస్తోందా, నడినెత్తి ఎండలో తీసినవాటిలో కళ్లు కళ్లలాగా ఉన్నాయా అని చూడండి. ఉంటే బేరమాడకుండా అడ్వాన్సు ఇచ్చేయండి. మీ ఆల్బమ్ చివరి పేజీలో అతని పేరు వేయించమని కూడా చెప్పండి.